చేతిల ఒకటి

ధర్మాబాద్ మిర్చి యార్డుల ముప్పై ఏండ్లు
నా తలకాయే చోపడా.
కాంటా పట్టెటోడు మరాఠీల అరుస్తడు: సాడే సత్తావీస్.
చెవిల పడెవరకే అది ఇరవై ఏడున్నర.
వాళ్ళకు ఏడు ముందు, ఇరవై ఎనుక.
మనకు ఇరవై ముందు, ఏడు ఎనుక.
ఆ తిరగేసుడు నాకు దమ్ము తీసినంత సులువు.
"రుక్మాబాయి చెప్పినంక కాగితమెందుకు?" అనెటోడు సేటు.

ముట్టాగి పద్నాలుగు నెల్లయినంక
ఓ మంగళారం, నడి సౌదల
ఏడు వచ్చింది, ఇరవై రాలే.
నోరు తెర్సుకొని నిలబడ్డ.
కాంటా నిలబడ్డది.
హమాలి నిలబడ్డడు, వీపు మీది సంచితోని,
నా నోట్లెకెల్లి అంకె ఊడిపడితె దించుదామని.

మంట అంతకుముందు నించే ఉండె.
మిర్చి ఘాటేమొ అనుకున్న.
యార్డుల అందరికి దగ్గొస్తది, తుమ్మొస్తది,
నాకే రొమ్ము నించి మెడ దాక
తాలుకాయ ఎండవోసినట్టు.
రాత్రి మూడింటికి చెద్దరు తన్నేసి
గచ్చుకు చెంప ఆనిచ్చి పంట.
పోశెట్టి లేచి ఫ్యాను ఐదు మీద పెడ్తడు.
ఏమడగాల్నో ఆయనకు తెల్వది,
ఏం చెప్పాల్నో నాకు తెల్వది.

మంటకు భయపడలే.
ఫోను పప్పు డబ్బల దొరికితె నవ్విన.
చెల్లె బిడ్డ పేరు రాకుంటె "ఓ పిల్లా" అని గడిపిన.
కని మా అవ్వ
ఆఖరి రెండేండ్లు నన్ను "వదినె" అన్నది.
బువ్వ తిన్న చెయ్యి ఆరకముందే
బువ్వ వెట్టలేదని గడపల కూసొని ఏడ్సింది.
ఆ ఏడుపు మంగళారం నాకు యాదికొచ్చింది.
ఇరవై రాలే గని, అది వచ్చింది.

నాందేడు బండెక్కిన.
వాఘ్మారే డాక్టరమ్మ మరాఠీల అడిగింది,
మరాఠీలనే చెప్పిన,
ఏడుపు మాత్రం తెలుగుల వచ్చింది.
బీపీ చూసింది. రొమ్ముల గడ్డలు ఇంట్ల ఎవరికన్న ఉండెనా,
కాళ్ళల్ల నెత్తురెప్పుడన్న గడ్డకట్టెనా,
అన్నీ అడిగి, రెండు పరీక్షలు చేయించి
హార్మోను రాసింది.
రెక్కకు రాసుకునే జెల్లు, రాత్రికొక గోలి.

"దీంతోని మా అవ్వ లెక్క కాకుంట ఉంటనా?"

కలం కింద పెట్టింది.
"ఆ మాట నేనియ్యలేను, తాయీ.
ఇది మంటకు. మంట తగ్గితె నిద్రకు.
నిద్రుంటె తలకాయ కొంత తేటపడ్తది.
ఈ మబ్బు మస్తుమందికి వస్తది, మస్తుమందికి విడిపోతది.
ఇరవై ఏండ్ల ముంగటి సంగతికి
నా దగ్గర సీసా లేదు."

ముప్పై ఏండ్లు కాంటా పక్కన నిలబడ్డదాన్ని.
ముల్లు మీద వేలు పెట్టెటోన్ని ఎరుగుదు, పెట్టనోన్ని ఎరుగుదు.
ఆమె వేలు పెట్టలే.

పొద్దుగాల జెల్లు రాసుకొని
ఆరెదాక చేతులు ఎడంగ పెట్టి నిలబడ్త.
"రెక్కలు మొలుస్తున్నయా ఏందె?" అంటడు పోశెట్టి.
"మొలిస్తె నిన్ను గూడ ఎక్కించుకపోత, తూకం చూసి."
నాలుగో వారం ఒకనాడు
కోడి కూసిందాక లేవలే.
అదేమన్న పెద్ద ముచ్చటనా అంటె,
నాకు పెద్దదే.

ఇప్పుడు నడుముల ఒక పెన్సిల్ ముక్క ఉంటది.
సేటు చూసి చూడనట్టు ఊకున్నడు.
తొడిమెలు తెంపె సట్వాబాయి దగ్గరికొచ్చి
కొంగు నోటికి అడ్డం పెట్టి, మెల్లగ:
"నీక్కూడనా అక్కా? నేను పిచ్చి లేస్తుందనుకున్న."
కుప్పల చుట్టు చూసిన.
నా ఈడోళ్ళు ఎంతమంది!
ఎవ్వలకు వాళ్ళే గచ్చు మీద చెంప ఆనిచ్చుకున్నోళ్ళు.
వచ్చే ఆదివారం నాందేడు బండికి ముగ్గురం.

సంచులు వస్తున్నయి.
ఎనిమిదీ ఏడూ పదిహేను.
ఐదు వేసి, చేతిల ఒకటి.
పిడికిలి ముడిచిన,
పక్క వరుసకు పోయెదాక
జారకుంట.